అమ్మ పేరున పడవ

ఆ వేసవంతా మా ఇంట్లో ఎవరూ ఒకచోట కుదురుగా కూర్చోలేదు.

నాన్నది పనిలేని మనిషి తిరుగుడు. కిటికీ దగ్గర నిలబడి రేవు వైపు చూసేవాడు. వాకిట్లోకి వెళ్ళేవాడు, ఏదో మరిచిపోయినట్టు లోపలికి వచ్చేవాడు. వంటగదిలో రేడియో పెట్టుకుని, సముద్రం మీద పడవలవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకునే మాటలకి ఇక్కణ్ణుంచి జవాబులు చెప్పేవాడు.

"అటు కాదురా వెధవా, ఆ రాతిగట్టుకి ఎడంగా పో!"

అమ్మ పీతల గుట్ట ముందు కూర్చుని, చిన్న కత్తితో కాళ్ళు చీల్చి మాంసం గిన్నెలోకి తీస్తూ, తల ఎత్తకుండా అనేది. "వాడికి వినపడదు ఆల్టన్. నాకు వినపడుతోంది."

మాది అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు తీరంలో, పోటు వచ్చినప్పుడు రేవులాగా, ఆటు వచ్చినప్పుడు బురదలాగా ఉండే చిన్న ఊరు. మగవాళ్ళు తెల్లవారుతూనే లాబ్‌స్టర్ అనే పెద్దరొయ్యలు పడే బోనులు లాగడానికి వెళ్ళిపోయేవాళ్ళు. ఆడవాళ్ళు ఇళ్ళలో పీతలు ఉడకబెట్టి, ఒలిచి, దుకాణాలకి ఇచ్చేవాళ్ళు. పగటిపూట వంటగదిలో మగమనిషి ఉండటం అన్నది మా అమ్మకి పెళ్ళయ్యాక ఎదురుకాని సంగతి. ఆ ఏడాది ఎదురైంది.

అంతకుముందు శరదృతువులో రాష్ట్రం వాళ్ళు నాన్న లాబ్‌స్టర్ లైసెన్సు మూడేళ్ళపాటు ఆపేశారు. బోనులో పడ్డ ప్రతి లాబ్‌స్టర్ వీపునూ ఇత్తడి కొలబద్దతో కొలవాలి, పొట్టివాటిని తిరిగి నీళ్ళలోకి వదిలెయ్యాలి. నాన్న పడవలో పొట్టివి దొరికాయని గస్తీ ఆఫీసరు రాశాడు. వాడికి కొలబద్ద పట్టుకోవడమే రాదని నాన్న అన్నాడు. రేవులో అన్నాడు, పెట్రోలు బంకులో అన్నాడు, చర్చి మెట్ల మీద కూడా అన్నాడు. ఆ ఆఫీసరు హోలిస్ గెచెల్ మా ఊరివాడే. వాళ్ళ నాన్నా మా నాన్నా కుర్రతనంలో ఒకే పడవ మీద పనిచేసినవాళ్ళు. ఆ సంగతి నాన్నకి పుండు మీద కారంలా ఉండేది. ఆయన పెద్ద పడవ పెరట్లో దిమ్మెల మీద, నీలం టార్పాలిన్ కింద కూర్చుంది. షికారుకైనా దించమంటే, "బోనులు లేకుండా పడవెందుకు, పాటలు పాడుకోడానికా?" అనేవాడు. రాష్ట్రం అన్న మాట మా భోజనాల బల్ల దగ్గర బూతుమాటతో సమానమైపోయింది.

జూన్ మొదట్లో అమ్మ, కొండమీద వేసవికి వచ్చేవాళ్ళ ఇళ్ళు శుభ్రం చేసి వస్తూ, ట్రక్కు వెనక ఒక పెద్ద బూడిదరంగు రబ్బరు మూట వేసుకొచ్చింది. దాని పక్కన దుప్పటిలో చుట్టిన చిన్న మోటారు.

"కొండమీది మిసెస్ ఎల్లరీ ఇచ్చేసింది. మోకాళ్ళు పట్టేశాయట, ఇంక ఎక్కలేనంది."

కాలితో తొక్కే పంపు ఒకటి ఉంది. అమ్మ లంగా కొంచెం ఎత్తి పట్టుకుని వాకిట్లో దాన్ని తొక్కుతూ నిలబడింది. ఆ మూట మెల్లగా ఒళ్ళు విరుచుకుని, పక్కలు ఉబ్బి, ముక్కు పైకెత్తి, ముగ్గురు ఇరుక్కుని కూర్చోగలిగినంత పడవ అయింది. నాన్న గడపలో నిలబడి చూశాడు.

"ఇది పడవా? పిల్లలు స్నానాల తొట్టిలో ఆడుకునేది."

"మోటారు కూడా ఉంది."

"కోడికి మోటారు కడితే ఓడవుతుందా? ఎవరికిదంతా?"

"నాకు," అంది అమ్మ, తొక్కడం ఆపకుండా. "టోల్మన్ దీవి చుట్టూ రాళ్ళకి నత్తలు గుత్తులుగుత్తులుగా ఉంటాయి. ఏరి తెచ్చి అమ్ముకుంటాను."

"ఎవరో ఒకరు నిన్ను దింపి వస్తారు గదా, అడిగితే."

"వాళ్ళు తీసుకెళ్ళినప్పుడు వెళ్ళాలి, వాళ్ళు రమ్మన్నప్పుడు రావాలి. ఇన్నాళ్ళూ అలాగే వెళ్ళాను."

టోల్మన్ దీవి అమ్మ పుట్టిన చోటు. అక్కడ బడి మూసేశాక అందరూ ఒడ్డుకి వచ్చేశారు. ఇప్పుడు అక్కడ దేవదారు చెట్లూ, ఇళ్ళుండిన గుంటలూ, ఎవరివో కొన్ని గొర్రెలూ ఉన్నాయి. మా వంటింటి కిటికీలోంచి అది మబ్బులేని రోజుల్లో కనిపిస్తుంది. అమ్మ పీతలు ఒలిచే కుర్చీ ఆ కిటికీకి ఎదురుగా ఉండేది. ఆ కుర్చీని అలా ఎందుకు వేసుకుందో నేను అప్పటిదాకా ఆలోచించలేదు.

మర్నాడు నేనూ అమ్మా టౌన్ ఆఫీసుకి వెళ్ళాం. నాకు అప్పుడే బడి చదువు అయిపోయింది. ఆ వేసవి రేవు పక్కన వేయించిన గుల్లలు అమ్మే కిటికీ దగ్గర పనికి కుదిరాను. మా ఊళ్ళో పుట్టినా, చచ్చినా, పెళ్ళాడినా, కుక్కని పెంచుకున్నా ఒకటే కిటికీ. ఆ కిటికీ వెనక మ్యూరియల్. ఆవిడా అమ్మా చిన్నప్పుడు ఒక బెంచీలో కూర్చున్నవాళ్ళు.

"రబ్బరు పడవకి కూడా నంబరు కావాలా?" అని అడిగాను నేను.

"తెడ్లతో నడిపితే అక్కర్లేదు. మోటారు తగిలించారా, రాష్ట్రానికి చెప్పాలి, ముక్కుకి రెండుపక్కలా నంబరు అంటించాలి," అంటూ మ్యూరియల్ కంప్యూటర్ దగ్గరికి జరిగి టైపు చెయ్యడం మొదలుపెట్టింది. "యజమాని, ఆల్టన్ క్రౌలీ..."

"వెర్నా," అంది అమ్మ.

"ఆల్టన్ బదులు నువ్వు సంతకం చేస్తావా?"

"బదులు కాదే. పడవ నాది."

మ్యూరియల్ కళ్ళద్దాలు కిందికి దించి చూసింది. "ఇల్లు ఆయన పేరున ఉంది. ట్రక్కు ఆయన పేరున ఉంది. మీ కుక్క లైసెన్సు కూడా ఆయన పేరే, నేనే గదా ఇస్తున్నాను. ఇదొక్కటి నీ పేరునా?"

"ఒక్కటే గదా. కుక్కని ఆయన్నే ఉంచుకోమను."

ఇద్దరూ నవ్వారు. తరువాత మ్యూరియల్ పడవ ఒంటి నంబరు అడిగింది. తయారైనప్పుడే పడవ వెనక బల్లకి కుడిపక్కన ఒక నంబరు కొడతారట. బయటికి వచ్చి, ట్రక్కులో ఉన్న పడవ చుట్టూ ముగ్గురం వంగి వెతికాం. బల్ల మీద రేకు ఉంది. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళు నాకి నాకి, దాని మీద అక్షరాలు లేకుండా చేసేశాయి. అమ్మ వేలితో తడిమింది, గోరుతో గీకింది, చెంగుతో తుడిచినట్టు తన గౌను అంచుతో తుడిచింది. ఏమీ లేదు.

"ఆఫీసరు ఇంటికొచ్చి చూడాలి," అంది మ్యూరియల్. "కొలిచి, ఇది దొంగ సరుకు కాదని సంతకం పెడితే కొత్త నంబరు ఇస్తారు."

"ఏ ఆఫీసరు?"

మ్యూరియల్ అమ్మ వంక కాకుండా నా వంక చూసింది. "ఈ పక్క తీరానికంతా ఉన్నది ఒకడే గదమ్మా."

 తిరిగి వచ్చేటప్పుడు ఇంటి మలుపు దగ్గర అమ్మ, "మీ నాన్నతో అనకు. నేను చెప్పుకుంటాను," అంది.

చెప్పలేదు. వారాలు గడిచాయి. పడవ వాకిట్లోనే ఉంది. అమ్మ పొద్దున్నే లేచి, రాత్రి తగ్గిన గాలి మళ్ళీ కొట్టేది. వంటగదిలో నాన్న గొడవ భరించలేని రోజున ఉడికిన పీతల పళ్ళెం తీసుకెళ్ళి ఆ పడవలోనే కూర్చుని గడ్డి మీద ఒలిచేది. దారిన పోయేవాళ్ళు కారు నెమ్మది చేసి, "ఎందాకా వెళ్తున్నావు వెర్నా?" అని అడిగేవాళ్ళు. "పోటు కోసం చూస్తున్నా," అనేది. నాన్నకి తల కొట్టేసినట్టుండేది. "నలుగురూ నవ్వుతున్నారు," అనేవాడు. "నవ్వనీ," అనేది అమ్మ. రాత్రి భోజనాలయ్యాక కూడా లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉండేది. ఇద్దరూ ఒకే గుమ్మంలో ఒకళ్ళకొకళ్ళు అడ్డొచ్చి, పక్కకి తప్పుకుని, మళ్ళీ అదే పక్కకి తప్పుకుని విసుక్కునేవాళ్ళు.

జూలైలో ఒక మధ్యాహ్నం అమ్మ కొండమీద పనిలో ఉండగా, నాన్న ఆ పడవని చక్రాల బండి మీద వేసుకుని దిగువకి తీసుకెళ్ళి నీళ్ళలోకి దించేశాడు. నంబరు లేదు, కాగితం లేదు, ఎవరికీ చెప్పలేదు. ఎందుకు దించాడో ఇప్పటికీ నాకు తెలియదు. బహుశా అది వాకిట్లో ఉండటం చూడలేకపోయాడేమో. లేకపోతే నీళ్ళ మీదికి పోకుండా అన్నాళ్ళు ఉండటం అంతకంటే చేతకాలేదేమో.

నేను గుల్లలు వేయిస్తున్నాను. బయట బల్లల దగ్గర కూర్చున్న జనం తలలు ఒక్కసారిగా రేవు వైపు తిరిగాయి. గస్తీ పడవ లోపలికి వస్తోంది. దాని వెనక తాడు. తాడు చివర మా బూడిదరంగు పడవ. అందులో నాన్న తెడ్డు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, తనని లాగుతున్న పడవ కనపడకుండా వెనక్కి తిరిగి, కర్రలా కూర్చుని ఉన్నాడు.

హోలిస్ గెచెల్ తాడు విప్పి అందించాడు. "నంబరు లేకుండా ఇంక దించకండి, మిస్టర్ క్రౌలీ."

"జరిమానా రాయి," అన్నాడు నాన్న.

"రాయట్లేదు."

"రాయమంటున్నానుగా!"

"మోటారు ఆగిపోయి కొట్టుకుపోతున్నవాడికి రాయను. ఇంటికెళ్ళండి."

పడవల్లోకి ఐసు ఎక్కించే చోటు దగ్గర నిలబడ్డ వాళ్ళలో ఎవడో అరిచాడు. "కొలిచి చూశావా హోలిస్? పొట్టివాడైతే తిరిగి నీళ్ళలో వదిలెయ్యి!"

రేవంతా నవ్వింది. హోలిస్ నవ్వలేదు. నాన్న ఎవరి వంకా చూడకుండా పడవని బురదలోంచి లాక్కుంటూ వెళ్ళాడు. నేను చేతిలో జల్లెడగరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. నూనెలో గుల్లలు మాడిపోయాయి.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నాన్న రాష్ట్రం మీద మొదలుపెట్టాడు. హోలిస్ కావాలని తనకోసం కాపు కాశాడన్నాడు. జరిమానా వెయ్యకుండా వదిలింది కూడా అవమానించడానికే అన్నాడు. ముందు లైసెన్సు లాక్కున్నారు, తరువాత పరువు లాక్కున్నారు అన్నాడు. కొలబద్ద పట్టుకోవడం రానివాడికి తుపాకీ ఇచ్చి ఊరి మీదికి వదిలారన్నాడు. అమ్మ బంగాళాదుంప ముక్కలు చేసుకుంటోంది.

"ఆ పడవకి సంతకం పెట్టేది వాడే," అంది. "రేపు ఫోను చేసి రమ్మంటాను."

నాన్న ఫోర్కు కింద పెట్టాడు. "ఆ మనిషి ఈ వాకిట్లో కాలు పెడితే నేనిక్కడ ఉండను. న్యాయంగా బతికిన వాణ్ణి దొంగని చేసిన వెధవకి నువ్వు కాఫీ పోస్తావా?"

"అవి పొట్టివే ఆల్టన్."

అమ్మ గొంతు పెంచలేదు. ఉప్పు ఇటివ్వమని అడిగినట్టే అంది.

"ఏవి?"

"ఆ రోజువి నేను చూడలేదు. అంతకుముందు నువ్వు చొక్కాలో చుట్టి ఇంటికి తెచ్చినవి నేనే గదా ఉడకబెట్టింది. అరచెయ్యంతేసి ఉండేవి. ఆ డిప్పలు ఎవరికీ కనపడకూడదని ఎక్కడ పాతిపెట్టాననుకున్నావు? ఊళ్ళో అందరికంటే మన గులాబీలు అంత బాగా ఎందుకు పూస్తాయనుకున్నావు?"

నాన్న   నా వంక చూశాడు. నేను పళ్ళెంలోకి చూసుకున్నాను. నేను కూడా వాటిని తిన్నదాన్నే.

"నువ్వు రేవులో అరుస్తున్నప్పుడల్లా నేను చర్చిలో తల దించుకు కూర్చున్నాను," అంది అమ్మ. "ఇంక నావల్ల కాదు. నువ్వు అరుచుకో. నేను మాత్రం పడవ తీసుకుని పోతాను."

నాన్న లేచి బయటికి వెళ్ళాడు. కాసేపటికి నిచ్చెన చప్పుడైంది. పెరట్లో టార్పాలిన్ ఎత్తి తన పెద్ద పడవలోకి దూరాడు. ఆ రాత్రి అక్కడే పడుకున్నాడు. మర్నాడూ అక్కడే. దిమ్మెల మీద పడవలో ఆయన కాపురం మొదలైంది. అమ్మ అన్నం వేళకి పళ్ళెం తీసుకెళ్ళి నిచ్చెన మెట్టు మీద పెట్టి వచ్చేది. ఖాళీ పళ్ళెం కడిగి అదే మెట్టు మీద బోర్లించి ఉండేది. పెళ్ళయ్యాక నాన్న పళ్ళెం కడగడం అదే మొదటిసారని అమ్మ నాతో అంది. నవ్వబోయి, ఎందుకో ఆగిపోయింది.

హోలిస్ చెప్పిన రోజుకి వచ్చాడు. ట్రక్కు రోడ్డు మీదే ఆపి, టోపీ చేత్తో పట్టుకుని నడిచి వచ్చాడు. పెరటివైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు. అమ్మ చేతులు మోచేతులదాకా పీతల తడి. తలుపులోంచే, "కాఫీ ఉంది హోలిస్. ముందు పని కానీ," అంది.

అతను బల్ల మీది రేకు చూశాడు, మోటారు చూశాడు, మిసెస్ ఎల్లరీ రాసిచ్చిన చీటీ చదివాడు. తరువాత జేబులోంచి కొలత టేపు తీశాడు. "ఈ చివర పట్టుకుంటావా లినెట్?" అని నా చేతికి ఇచ్చాడు.

నేను ముక్కు దగ్గరికి వెళ్తుండగా టార్పాలిన్ కదిలింది. నాన్న నిచ్చెన దిగి వచ్చాడు. గడ్డం మాసి ఉంది, చొక్కా మీద గడ్డిపరకలు. నా చేతిలోంచి టేపు చివర తీసుకుని, వంగి, పడవ ముక్కుకి ఆనించి బొటనవేలితో అదిమిపట్టాడు.

"గట్టిగా చదువు," అన్నాడు. "ఇంట్లోవాళ్ళకి కూడా వినపడాలి."

హోలిస్ చదివాడు.

"ఇంకోసారి."

హోలిస్ విసుక్కోలేదు. మోకాలి మీద కూర్చుని మళ్ళీ కొలిచి, మళ్ళీ చదివాడు. అదే కొలత. నాన్న టేపు వదిలాడు. అది సర్రున చుట్టుకుపోయింది. ఇద్దరూ పడవకి చెరోపక్కన నిలబడ్డారు.

"ఆ రోజు," అన్నాడు నాన్న, పడవ వంక చూస్తూనే. "రెండు పొట్టివే. మూడోది సరిగ్గానే ఉంది."

హోలిస్ టేపు జేబులో పెట్టుకున్నాడు. "మూడోది నాకూ అనుమానమే. ఆ రోజు కెరటాలు గట్టిగా ఉన్నాయి."

"ఉన్నాయి," అన్నాడు నాన్న.

"అది తీసేసినా శిక్ష మారదు, మిస్టర్ క్రౌలీ."

"తెలుసు. మారాలని అనలేదు."

హోలిస్ ట్రక్కు కప్పు మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. కాఫీ నిలబడే తాగాడు. నాన్న తాగలేదు, అలాగని పెరట్లోకీ పోలేదు. గులాబీల దగ్గర నిలబడి ఎండిన పూలు తుంపుతూ ఉన్నాడు. దోమతెర తలుపు వెనక అమ్మ నిలబడి ఉందని నాకు తెలుసు. నేను తిరిగి చూసేసరికి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి పళ్ళెం నిచ్చెన మీదికి వెళ్ళలేదు. నాన్న బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని తిన్నాడు. 

నంబరు పోస్టులో వచ్చింది. అమ్మ అంగడికి వెళ్ళి నల్ల అక్షరాలు కొనుక్కొచ్చి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ముక్కుకి రెండుపక్కలా వరసగా అంటించింది. నీళ్ళలోకి దించగానే సగం అక్షరాలు ఊడి, రేవులో ఆకుల్లా తేలుతూ పోయాయి. రెండోసారీ అంతే. మూడోసారి అమ్మ వాకిట్లో కూలబడి, రబ్బరు మీద అరచేత్తో ఒకటి చరిచింది.

"గరుకు కాగితంతో రుద్దు ముందు," అన్నాడు నాన్న గడపలోంచి. "స్పిరిటుతో తుడిచి, ఆరాక బూట్లకి అతుకేసే బంకతో అంటించు. ఒక రాత్రి కదపకు."

అంతే అన్నాడు. దగ్గరికి రాలేదు, సాయం చెయ్యలేదు. అమ్మ కూడా అడగలేదు. అలాగే చేసింది. అక్షరాలు నిలిచాయి.

మర్నాడు ఆటు వేళకి అమ్మ రబ్బరు బూట్లూ, నారింజరంగు లైఫ్ జాకెట్టూ వేసుకుని, ఖాళీ ఉల్లిగడ్డల గోతాలు రెండు పడవలో పడేసుకుని తాడు లాగింది. మోటారు దగ్గింది, ఆగింది. మళ్ళీ లాగింది. ఎన్నోసారికో అందుకుంది. నేను ఒడ్డున నిలబడి చెయ్యి ఊపాను. అమ్మ వెనక్కి తిరగలేదు. తిరగకూడదని కాదు, చూపంతా ముందే ఉంది. మలుపు దాటేవరకూ ఆ నారింజరంగు కనపడింది.

సాయంత్రానికి నడుందాకా తడిసి, జుట్టంతా ఉప్పు కట్టి, గోతాల నిండా నత్తలతో వచ్చింది. బల్ల దగ్గర కూర్చుని ఆగకుండా మాట్లాడింది. వాళ్ళ పాత ఇంటి గుంటలో అడవి మల్బరీ మొలిచిందట. గొర్రెలు మనిషిని చూసి పారిపోకుండా వెంటపడ్డాయట. బావి మీద కప్పిన బండ ఇంకా అలాగే ఉందట. అమ్మ దగ్గర అన్ని మాటలున్నాయని నాకు తెలియదు. నాన్న తింటూ విన్నాడు. ఒక్కచోట మాత్రం, "దక్షిణం పక్క దిగకు, అక్కడ రాళ్ళు నున్నగా ఉంటాయి," అన్నాడు. "నేను నడక నేర్చుకుందే ఆ రాళ్ళ మీద," అంది అమ్మ.

ఇంక ఆమెని ఇంట్లో పట్టుకోవడం కష్టమైంది. గోడ మీది చర్చి కేలండర్ తీసేసి ఆటుపోట్ల పట్టిక తగిలించింది. ఆటు పొద్దున్నే ఉంటే పొద్దున్నే పోయేది, మధ్యాహ్నం ఉంటే మధ్యాహ్నం. మా భోజనాలు కూడా చంద్రుడితో పాటు ముందుకీ వెనక్కీ జరిగాయి. కొండమీది ఇళ్ళ పని మానేసింది. పీతలు మాత్రం మానలేదు. దుకాణంవాడు వారానికింతని ఒప్పందం చేసుకున్నాడు, మాట తప్పడం ఆమెకి చేతకాదు. దీవి నుంచి వచ్చి, తడిబట్టలతోనే కత్తి పట్టుకునేది. ఒకసారి ఒలుస్తూ ఒలుస్తూ కూర్చున్నచోటే నిద్రపోయింది. నాన్న వచ్చి ఆమె వేళ్ళ మధ్యనుంచి కత్తి మెల్లగా తీసి పక్కన పెట్టాడు.

ఆగస్టు చివర ఒక రోజు పొగమంచు వచ్చేసింది. మా ఊళ్ళో అది రావడం ఎవరూ చూడరు. తల ఎత్తేసరికి రేవు ఉండదు, అంతే. నేను గుల్లల కొట్టు నుంచి పరిగెత్తుకుని ఇంటికి వచ్చేసరికి నాన్న అప్పటికే ట్రక్కుని ఒడ్డు అంచుదాకా తోలుకెళ్ళి, నీళ్ళవైపు తిప్పి పెట్టాడు. హారన్ నొక్కుతున్నాడు. నొక్కడం, ఆపి వినడం, మళ్ళీ నొక్కడం.

"అమ్మ వెళ్ళి ఎంతసేపైంది?"

"మధ్యాహ్నం వెళ్ళింది. ఆటు మారి చాలాసేపైంది. ఈపాటికి రావాలి." మళ్ళీ హారన్ నొక్కాడు. "రేడియో కూడా పట్టుకెళ్ళదు. పట్టుకెళ్ళమంటే వింటుందా?"

"హోలిస్‌కి ఫోను చెయ్యనా?"

నాన్న ఒక్క క్షణం కూడా ఆగలేదు. "ఇందాకే చేశాను. బయల్దేరాడు."

ఇరుగుపొరుగువాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఎవరూ జోకులు వెయ్యలేదు. నాన్న ట్రక్కు దిగి నీళ్ళ అంచుకి వెళ్ళేవాడు, బూట్లలోకి నీళ్ళు వస్తున్నా తెలియనట్టు నిలబడేవాడు, మళ్ళీ వచ్చి హారన్ మీద చెయ్యి వేసేవాడు. "పాతికేళ్ళు మీ అమ్మ నాకోసం ఇక్కడ నిలబడింది, తెలుసా?" అన్నాడు నాతో. నాతో అన్నాడో, తనలో తను అనుకున్నాడో.

తరువాత మోటారు చప్పుడు వినపడింది. మేం చూస్తున్నవైపు నుంచి కాదు. ఎడమ పక్కగా, పడవలకి దారి తెలియడానికి గంట కట్టి వదిలిన తేలుడుబుడ్డి ఉన్న వైపు నుంచి. బూడిదరంగు పొగమంచులోంచి ముందు నారింజరంగు, తరువాత ముక్కు మీది నల్ల అక్షరాలు, తరువాత అమ్మ మొహం బయటపడ్డాయి. మోటారు ఎత్తి, పడవని నెమ్మదిగా ఇసుక మీదికి జారనిచ్చింది.

"ఎక్కడికి పోయావు?" నాన్న అరిచాడు. "హారన్ వినపడలేదా?"

"వినపడింది. అది కొండకి కొట్టుకుని అవతలి పక్క నుంచి వినపడుతోంది. దాన్ని నమ్ముకుంటే రాతిగట్టు మీదికి ఎక్కేదాన్ని." అమ్మ గోతం భుజాన వేసుకుంది. "గంట చప్పుడు పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చాను. అందుకే ఇంతసేపు. హారన్ ఎవరు, నువ్వేనా?"

 నాన్న వంగి పడవ తాడు అందుకుని, కొయ్యకి ముడి వేశాడు. వేసిన ముడినే విప్పి మళ్ళీ వేశాడు.  అమ్మ అది చూసింది. గోతం నా చేతికిచ్చి, ఆయన పక్కన నిలబడింది, ముడి పూర్తయ్యేదాకా.

మర్నాడు ఆకాశం కడిగినట్టుంది. ఆటు మధ్యాహ్నం. దుకాణానికి పీతలు కూడా ఆ సాయంత్రమే ఇవ్వాలి. అమ్మ వంటగదిలో నిలబడి ఒకసారి పీతల పళ్ళెం వంక, ఒకసారి కిటికీ వంక చూస్తోంది. నాన్న వచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నాడు.

"చూపించు," అన్నాడు.

"ఏంటి?"

"ఎలా తీస్తారో చూపించు. ఒక్కసారే. బడిపంతులమ్మలా చెప్పకు."

అమ్మ ఒక కాలు తీసుకుని, కీలు దగ్గర కత్తి మొన గుచ్చి, మణికట్టు కొంచెం తిప్పింది. డిప్ప రెండుగా విడిపోయి, మాంసం ముక్క చెదరకుండా గిన్నెలో పడింది. నాన్న ప్రయత్నించాడు. ఆయన చేతిలో కాలు పొడి పొడి అయింది. అమ్మ ఇంకొకటి చేసి చూపించి, లైఫ్ జాకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

నాకు ఆ రోజు సెలవు. నాన్నకి ఎదురుగా కూర్చుని రెండో కత్తి తీసుకున్నాను. ఆయన వెడల్పాటి వేళ్ళు ఆ చిన్న కీళ్ళ దగ్గర తడబడుతున్నాయి. గిన్నెలో పడినదాన్లో సగం డిప్ప ముక్కలే. నేను ఏరుతున్నాను.

"నవ్వకు," అన్నాడు.

"నవ్వట్లేదు నాన్నా."

కిందనుంచి మోటారు దగ్గు వినపడింది. నాన్న కత్తి గాల్లోనే ఆగిపోయింది. మళ్ళీ దగ్గింది, ఆగింది.

"పెట్రోలు ఎక్కువైంది," అన్నాడు. "కాసేపు ఊరుకుని అప్పుడు లాగాలి." కుర్చీలోంచి సగం లేచాడు.

ఈసారి మోటారు అందుకుంది. చప్పుడు గట్టిపడింది, సర్దుకుంది, ఒకే తీరుగా నీళ్ళ మీదికి సాగింది. నాన్న అలాగే సగం లేచి నిలబడి, తల ఒకవైపుకి వంచి, మలుపు దాటి ఆ చప్పుడు పూర్తిగా సన్నగిల్లేదాకా విన్నాడు.

తరువాత కూర్చుని, గుట్టలోంచి ఇంకో పీత తీసుకున్నాడు.